మాజీ జవాన్లకు యోగా, ఆయుర్వేదం: బస్తర్‌కు చేరేదెలా?

2010 ఏప్రిల్ 6న బస్తర్ ప్రాంతంలోని తాడ్‌మెట్ల వద్ద మావోయిస్టుల దాడిలో 75 మంది సి.ఆర్.పి.ఎఫ్. జవాన్లు సహా 76 మంది అమరులయ్యారు. మృతుల సంఖ్య చరిత్రకెక్కింది. అడవుల్లో ఏళ్ల తరబడి విధులు నిర్వర్తించి విరమణ పొందినవారి నడుము నొప్పి, నిద్రలేమి, మానసిక ఆందోళన మాత్రం ఏ లెక్కకూ అందవు.

ఇటువంటి బాధల ఉపశమనానికి యోగా, ధ్యానం, మర్దన తోడ్పడతాయి. అమెరికా మాజీ సైనికుల వ్యవహారాల శాఖ 2017లో ఈ పద్ధతులను తన వైద్య సేవల్లో చేర్చింది. మన రక్షణ శాఖ కూడా 37 కంటోన్మెంట్ ఆసుపత్రుల్లో ఆయుర్వేద కేంద్రాల ఏర్పాటుకు 2022లో నిర్ణయించింది.

అయితే బస్తర్‌లో కంటోన్మెంట్ లేదు. మాజీ సైనికులకు 2003లో ప్రారంభమైన ఇ.సి.హెచ్.ఎస్. పథకం సి.ఆర్.పి.ఎఫ్. విశ్రాంత జవాన్లకు వర్తించదు. వారు సి.జి.హెచ్.ఎస్.లో చేరవచ్చు, కానీ ఆ సేవలు లభించే రాయ్‌పూర్, జగదల్‌పూర్‌కు సుమారు 300 కిలోమీటర్ల దూరం.

సహాయక చికిత్స ప్రధాన వైద్యానికి ప్రత్యామ్నాయం కాదన్నదీ విస్మరించరాదు. ఫాల్సిపారం మలేరియాకు సకాలంలో మందులే శరణ్యం. తీవ్రమైన మానసిక వ్యాకులతకు నిపుణుడైన వైద్యుడు అవసరం.

2018లో విధుల్లో చేరిన బస్తరియా బెటాలియన్‌లో స్థానిక ఆదివాసీ యువతీ యువకులే అధికం. రేపు వారు విశ్రాంత జీవితం గడిపేది ఈ గ్రామాల్లోనే. వైద్యుడి పర్యవేక్షణలో యోగా, ఆయుర్వేద సేవలు జగదల్‌పూర్‌లోనే వారికి అందేలా ఇప్పటినుంచే ఏర్పాట్లు చేయవలసి ఉంది.