బారిష్ వస్తే ఆ పిల్లలకే తాళాలెందుకు?

జూలైలో ఓ ఇత్వార్ నాడు వనపర్తిలో మా ఆపా ఇంటికి వెళ్లాను. రాత్రి నుంచీ ముసురు పట్టి ఉంది. గల్లీ పిల్లలంతా బయటే ఉన్నారు. ఒకడు కాగితం పడవ వదులుతున్నాడు, ఇంకొకడు చూరు నీళ్ల కింద తల పెట్టి నిల్చున్నాడు. ఓ చిన్న పిల్ల చెప్పు కొట్టుకుపోతుంటే దాని వెనకాల ఉరుకుతోంది. మా భాంజా మాత్రం లోపల కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి ముందుకీ వెనక్కీ ఊగుతున్నాడు. వాడికి పదకొండేళ్లు. ఆటిజం ఉంది, మాటలు చాలా తక్కువ. తలుపుకి గొళ్లెం పెట్టి ఉంది, గొళ్లానికి తాళం వేసి ఉంది.

"కైకూ ఆపా, జరసేపు వదలొచ్చు కదా?" అన్నాను.

"నీకేం భయ్యా, ఒక రోజు వచ్చి పోతావ్. బుఖార్ వస్తే దవాఖానా చుట్టూ తిరిగేది నేను. బురదల పొర్లితే కడిగేది నేను. 'పాగల్ పోరడు వానల ఎట్ల దుంకుతుండో చూడు' అని మొహల్లా అంతా అంటే వినేది నేను" అంది.

మూడో మాట దగ్గర ఆమె గొంతు తగ్గింది. అసలు తాళం అక్కడే ఉందని నాకు అర్థమైంది. ఆపాని తప్పు పట్టడానికి నాకు జుబాన్ రాలేదు. వానొస్తే బాబుని పంపొద్దని ఇంతకు ముందే ఓ బడివాళ్లు చెప్పారట, మంచి మాటగానే. బడి వద్దంది, మొహల్లా నవ్వుతోంది. ఇక ఆమె ఒక్కతే ఎంతని తలుపు తెరుస్తుంది?

పని మీద గద్వాల, నాగర్‌కర్నూల్ వైపు తిరుగుతూనే ఉంటాను. ఆ రోజు తర్వాత వాన పడిన ప్రతిసారీ కిటికీల వైపు చూడటం అలవాటైంది. ఇలాంటి కిటికీలు మా ఆపా ఇంటికి మాత్రమే లేవు.

మనది పాలమూరు. వాన కోసం మొహం వాచిన ఇలాఖా. కార్తెలు దాటిపోతున్నా చినుకు పడకపోతే ఊళ్లో పిల్లలు రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, కప్పతల్లి అంటూ ఇంటింటికీ తిరిగి నీళ్లు పోయించుకుంటారు. మావాళ్లు ఈద్గాకి వెళ్లి నమాజె ఇస్తిస్ఖా చదువుతారు. ముసలివాళ్లనీ పిల్లల్నీ వెంట తీసుకెళ్తారు, వాళ్ల దువా తొందరగా ఖబూల్ అవుతుందని. అంటే వానని పిలవడానికి పిల్లలు కావాలి. వచ్చిన వానలో ఆడుకోవడానికి మాత్రం కొందరు పిల్లలు పనికిరారా?

క్యాలెండర్ కూడా ఓసారి చూడండి. మృగశిర కార్తె జూన్ మొదటి వారం దాటగానే వస్తుంది. మన బడులు జూన్ 12 ప్రాంతంలో తెరుచుకుంటాయి. బడీ వానా ఒకేసారి మొదలవుతాయి. సెప్టెంబర్ దాకా వాన రోజులే. ఫిబ్రవరి దాటితే ఎండ ముదురుతుంది, అప్పుడు మధ్యాహ్నం మైదాన్‌లోకి ఎవర్నీ పంపలేం. వానలో వద్దు, ఎండలో వద్దు అంటే ఈ పిల్లలకి బయట ఆడుకునే మౌసమ్ ఏడాదిలో ఎన్నాళ్లు మిగులుతుంది?

వానాకాలం అంటే సేద్యం కాలం కూడా. నడిగడ్డలో పత్తి, విత్తనపత్తి పనులు. వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు వరినాట్లు, కలుపుతీత. కూలికి పోతే గాని పూట గడవని ఇళ్లలో అమ్మా నాన్నా పొద్దున్నే చేలోకి పోతారు. ఇంట్లో మిగిలేది నానీనో దాదీనో. కళ్లు సరిగ్గా కనపడని ఆ ముసలమ్మ, పరిగెత్తే పిల్లాడి వెనకాల పరిగెత్తలేదు. అందుకే తలుపు మూస్తుంది. అది జుల్మ్ అనలేం. మజ్బూరీ. కానీ ఒక్కో ఇంటి మజ్బూరీ అని ఊరుకుంటే, అన్ని ఇళ్లూ కలిసి ఆ పిల్లల బచ్‌పన్ మొత్తానికి తాళం వేసినట్లే అవుతుంది.

ప్రభుత్వం వైపు నుంచి ఏమీ లేదా అంటే ఉంది. సమగ్ర శిక్ష కింద భవిత కేంద్రాలున్నాయి. ప్రత్యేక అవసరాల పిల్లలకి తాలీమ్ ఇచ్చే ఐఈఆర్‌పీ టీచర్లు ఉంటారు, ఫిజియోథెరపీ చేయిస్తారు. కదల్లేని పిల్లల దగ్గరికి ఇంటికే వెళ్లి నేర్పే పద్ధతీ ఉంది. కాంట్రాక్టు కొలువుల్లో ఉండి కూడా దిల్ పెట్టి పనిచేసేవాళ్లని నేను చూశాను. కానీ ఏ కేంద్రమైనా పిల్లలు వస్తేనే కేంద్రం. ఊరి నుంచి మండలానికి ఆటోలో, అదీ చంకనేసుకుని తీసుకురావాల్సిన పిల్లని వాన రోజు ఎవరు తెస్తారు? నల్లరేగడి నేలలో నాలుగు చినుకులు పడితే మన చెప్పులకే సేరు మట్టి అంటుకుంటుంది. వీల్‌చైర్ చక్రం ఎక్కడ తిరుగుతుంది?

తిరిగి లోపలికి వచ్చి చూస్తే అక్కడ చేయించే పని ఏంటి? బంతి పట్టుకోవడం, పూసలు గుచ్చడం, ఒక గ్లాసు నుంచి ఇంకో గ్లాసులోకి నీళ్లు పోయడం, ఒంటి కాలు మీద నిలబడటం. గోడ అవతల వాన ఇవన్నీ ముఫ్త్‌గా ఇస్తోంది. తడి ఇసుక పిడికిట్లో పిసకడం చేతివేళ్లకి కసరత్తే. గుంతని దాటడానికి కాలెత్తడం బ్యాలెన్సే. డబ్బాతో చూరు నీళ్లు పట్టడంలో చూపూ చేయీ కలిసి పనిచేయాలి. వానలో ఆడితే ఆటిజం తగ్గుతుందని నేను అనడం లేదు, అలా చెప్పి పైసలు గుంజేవాళ్లు వేరే ఉన్నారు. ఆట వైద్యం కానక్కర్లేదు. మిగతా పిల్లలు ఏ ఫాయిదా చూసుకుని వానలో ఎగురుతున్నారు? మజా కోసమే కదా. వీళ్లకీ అది చాలు.

చూపులేని పిల్లల సంగతే తీసుకోండి. ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ యూనివర్సిటీ ప్రొఫెసర్ జాన్ హల్ నడివయసులో చూపు పోగొట్టుకున్నాడు. వాన పడుతుంటే గుమ్మంలో నిలబడి వినేవాడు. దారి మీద ఒక చప్పుడు, ఆకుల మీద ఒక చప్పుడు, కంచె మీద ఇంకో చప్పుడు. మామూలు రోజుల్లో తనకి తెలియని తోటంతా వాన రోజు ఆకారంతో ముందుకొచ్చేదని రాసుకున్నాడు. మన ఊళ్లో రేకుల షెడ్డు, అరటాకు, ప్లాస్టిక్ బిందె, గొడుగు చాలు. ఓ అంధ బాలుడికి ఇది చాలా పెద్ద దునియా. ఆ పిల్లాణ్ని వరండాలో కూడా కూర్చోనివ్వకపోతే ఎట్లా?

ఖానూన్ ఏమంటోంది? ఆట పిల్లల హక్కు అని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 1989లోనే 31వ అధికరణంలో రాసింది. మన దేశం 1992లో దానికి ఒప్పుకుంది. వికలాంగుల హక్కుల ఒడంబడికకి 2007లో ఒప్పుకుంది. దాని 30వ అధికరణం, వైకల్యం ఉన్న పిల్లలకి బడిలో సహా ఆటలో మిగతా పిల్లలతో బరాబర్ హక్కు ఉండాలంటుంది. మన 2016 చట్టం 16వ సెక్షన్ చదువుతో పాటు ఆటపాటలకీ సమాన అవకాశం ఇవ్వాలని విద్యాసంస్థలకి చెప్పింది. వాన రోజు తప్ప అని ఇందులో ఎక్కడా లేదు.

ఆపా భయాలు ఝూటా కాదు. వాటికి జవాబు చెప్పకుండా తలుపు తెరవమనడం ఇన్సాఫ్ కాదు. ఆటిజం ఉన్న పిల్లలు కొందరు నీళ్లు కనిపిస్తే ఆగరు, చెప్పకుండా వెళ్లిపోతారు. మన మూడు జిల్లాల్లో చెరువులు, కాలువలు, చేలల్లో నీటి గుంతలు ఎక్కడ చూసినా ఉన్నాయి. కాబట్టి ఆట గేటు లోపలే ఉండాలి. మిర్గీ ఉన్న పిల్లకి చేయి చాపితే అందేంత దూరంలో పెద్దవాళ్లు ఉండాలి. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలకి చలి తగిలితే కండరాలు ఇంకా బిగుసుకుంటాయి. పది నిమిషాలు ఆడించి, తుడిచి, పొడి బట్టలు తొడగాలి. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో దాదాపు సగం మందికి పుట్టుకతో గుండె సమస్య ఉంటుంది, వాళ్ల విషయంలో ముందు డాక్టర్ని అడగాలి. వినికిడి మిషన్ తీసి పొడి డబ్బాలో పెట్టాలి. అది తీశాక ఆ పిల్లకి మన కేకలు అందవు కాబట్టి ఎదురుగా నిలబడి సైగ చేయాలి. చినుకు ఒంటి మీద పడితే ఓర్చుకోలేని పిల్లలూ ఉంటారు, వాళ్లని జబర్దస్తీగా లాగొద్దు. వరండాలోంచి చేయి ఒక్కటి చాపినా ఆటే. మోరీ కలిసిన నీళ్లలోకి ఎవర్నీ దించొద్దు. ఉరుము వినపడితే అందరూ లోపలికి రావాలి, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. ఇవన్నీ చూసుకునే పద్ధతులు. వీటిలో ఒక్కటి కూడా ఏడాదంతా తాళం వేయడానికి వజహ్ కాదు.

కలెక్టర్లనీ, డీఈఓలనీ, హెడ్‌మాస్టర్లనీ నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. వాన రోజు ఈ పిల్లల్ని ఇంట్లో ఉంచుకోమని ఏ బడీ చెప్పకూడదు. గేటు నుంచి వరండాకీ, వరండా నుంచి బాత్రూమ్‌కీ మొరం దారి వేయండి, రేగడి నేలలో అయితే తప్పకుండా. ర్యాంపుల మీద నున్నటి టైల్స్ వద్దు, తడిస్తే మామూలు కాళ్లే జారతాయి. ప్రతి భవిత కేంద్రంలో ఓ ట్రంకు పెట్టె, అందులో తువ్వాళ్లు, వేర్వేరు సైజుల పొడి బట్టలు పెట్టండి. ఓ తార్పాలిన్, నాలుగు బకెట్లు, ఓ ఇసుక కుప్ప ఇవ్వండి. ఎత్తుకోవడానికి, తుడవడానికి ఒక ఆయా ఉండాలి. సన్నని చినుకు పడేటప్పుడు ఇరవై నిమిషాల ఆట టైంటేబుల్లో రాయండి. అదీ వేరుగా ఓ మూల కాదు, బడి పిల్లలందరితో కలిపి. డెన్మార్క్, నార్వేల్లో అంత చలిలోనే చిన్నపిల్లలకి వాన బట్టలు తొడిగి బయట ఆడిస్తారు. మన వాన దానికంటే వెచ్చన.

ఇక మనం. నేను ఉర్దూ మీడియంలో చదువుకుని డిగ్రీలో తెలుగు తీసుకున్నవాణ్ని. అప్పుడు నచ్చిన మాటల్లో ఒకటి ఆటవిడుపు. ఆటకోసం విడవడం. ఈ పిల్లల్ని విడవనిది సర్కారు ఒక్కటే కాదు, మన చూపు కూడా. పక్కింటి పిల్లాడు వానలో నవ్వితే షరారత్ అంటాం. అదే నవ్వు మా భాంజా నవ్వితే పాగల్ అంటాం. ఆ మాట మానేయడానికి ఏ బడ్జెట్ అక్కర్లేదు.

సెప్టెంబర్‌లో మళ్లీ వెళ్లాను. చినుకు పడుతోంది, ఉరుముల్లేవు. ఆపా చాలాసేపు ఆలోచించి తాళం తీసింది. ఓ వైపు ఆమె, ఓ వైపు నేను. వాడు ముందు గుమ్మంలోనే ఆగిపోయాడు. తర్వాత చూరు కింద చేయి పెట్టాడు. కాసేపటికి ఆపా చేయి పట్టుకుని తీసుకెళ్లి ఆ నీళ్ల కింద పెట్టాడు. మాటలు రాని పిల్లాడు 'అమ్మీ, చూడు' అనడం అదే. ఎదురింటి పోరడు వచ్చి కాగితం పడవ ఇచ్చాడు. వీడు దాన్ని నలిపి పడేశాడు. ఆ పోరడు నవ్వి ఇంకోటి చేసి ఇచ్చాడు, అదీ నలిపాడు. అలా ఓ నోటుబుక్కు సగం అయిపోయింది.

తర్వాత వాడికి రెండు రోజులు జలుబు. నాకూ వచ్చింది. "మళ్లీ ఎప్పుడొస్తావ్ భయ్యా?" అని ఆపా ఫోన్ చేసింది. "నేను లేకపోతే తలుపు తీయవా?" అని అడిగాను. కాసేపు ఏమీ అనలేదు. "ఎదురింటోడు పొద్దున వచ్చి తలుపు కొట్టిండు" అంది.