‘సూపర్ కండిషన్’ అంటే ఏమిటండీ?

“మారుతి కారు అమ్మబడును. సూపర్ కండిషన్. డాక్టర్ వాడినది. వెంటనే సంప్రదించండి.”

పదేళ్లు దాటిన తన వ్యాగన్‌ఆర్‌ను అమ్ముదామని మా బావమరిది రాసిన ప్రకటన ఇది. వాడు డాక్టరు కాదు లెండి, లెక్చరరు. ఆ ముక్క మా ఆవిడ కొట్టేయించింది. మిగతాది అలాగే అచ్చయింది.

ఫోన్లు బోలెడు వచ్చాయి. ఏ సంవత్సరం బండి? ఎంత తిరిగింది? ఎంతకిస్తారు? అందరివీ అవే ప్రశ్నలు. ఇంటికొచ్చిన నలుగురూ ఎడమవైపు వెనక డోరును చేత్తో నిమిరి, “రంగు వేయించారు కదా సార్” అని వెళ్లిపోయారు. ఆటో గీసుకుపోతే వేయించిన మాట నిజమే. అది ముందే చెప్పలేదు. డోరు సంగతే దాచినవాడు ఇంజిన్ సంగతి చెబుతాడా అనుకోరూ!

రెండోసారి ఇద్దరం కూర్చుని రాశాం. “వ్యాగన్‌ఆర్ వీఎక్స్‌ఐ, పెట్రోలు, 2014 ఆగస్టు తయారీ, టీఎస్ 09 రిజిస్ట్రేషన్. మొదటి ఓనర్. 68,000 కి.మీ., సర్వీసు బిల్లులున్నాయి. ఎడమ వెనక డోరుకు రంగు వేయించాం. ముందు టైర్లు మార్చుకోవాలి. లోన్ లేదు. ధర 2.10 లక్షలు, చూశాక కొద్దిగా తగ్గిస్తాం. పేరు మార్పిడి తప్పనిసరి. ఆదివారం ఉదయం 10 తర్వాత రండి.”

ఈసారి ఫోన్లు మూడే. వచ్చిన రెండో ఆయన టైర్ల దగ్గర కాసేపు బేరమాడి కొనేశారు. డోరు ఊసే ఎత్తలేదు.

తయారీ నెల ఎందుకంటారా? డిసెంబరులో తయారైన బండి జనవరిలో రిజిస్టరయితే ఏడాది చిన్నదిలా కనిపిస్తుంది. ఆర్సీలో తయారీ నెల కూడా ఉంటుంది కాబట్టి దాచీ లాభం లేదు. రిజిస్ట్రేషన్ ఊరూ ముఖ్యమే. హైదరాబాద్ బండిని విజయవాడ వాళ్లు కొంటే ఎన్‌వోసీ తీసుకోవాలి, అక్కడ పన్ను కట్టాలి. ఇక లోన్ తీరినా ఆర్సీలో బ్యాంకు పేరు దానంతటది పోదు. బ్యాంకు ఇచ్చే ఎన్‌వోసీతో, ఫారం 35తో తీయించాకే ‘లోన్ లేదు’ అని రాయండి. అన్నట్టు, ఇన్సూరెన్సులో నో క్లెయిమ్ బోనస్ మీది, బండిది కాదు. దాన్ని చూపించి ధర పెంచకండి.

పేరు మార్పిడి మాట మాత్రం మీ కోసమే. బండి చేతులు మారినా ఆర్సీలో మీ పేరే ఉంటే, ప్రమాదం జరిగినప్పుడు చట్టం దృష్టిలో ఓనరు మీరేనని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ఫారం 29, 30ల మీద సంతకాలు పెట్టిచ్చేసి ఊరుకోకూడదు. మా బావమరిది డబ్బు చేతికందిన రోజే కొన్నాయనను వెంటబెట్టుకుని ఆర్టీఏ ఆఫీసుకు బయల్దేరాడు.