రాయి ఒకరిది, సొరంగం ఒకరిది – కూలీ వాటా ఏది?

పొదిలి పొగాకు వేలం కేంద్రం బయట టీకొట్టు దగ్గర కాసేపు నిలబడితే చాలు. ఒకాయన "పని జరగాలంటే చంద్రబాబే" అంటాడు. ఇంకొకాయన "రాజశేఖరరెడ్డి లాంటోడు మళ్ళీ పుట్టడు" అంటాడు. ఇద్దరూ అప్పుచేసి బోర్లు వేసినోళ్ళే. పక్కన బేళ్ళు మోసే కూలీ మాత్రం నోరు విప్పడు. ఆ కూలీ వైపు నుంచి ఈ లెక్క చూద్దాం.

ఇద్దరూ 1978లోనే శాసనసభకు వచ్చారు, ఒకరు చంద్రగిరి నుంచి, ఒకరు పులివెందుల నుంచి. 1980లో అంజయ్య మంత్రివర్గంలో ఇద్దరూ మంత్రులే. 1983లో ఓడిన చంద్రబాబు మామగారి పార్టీలో చేరి, 1995లో ఆ మామనే దించి గద్దె ఎక్కారు. రాజశేఖరరెడ్డి కాంగ్రెసులోనే ఉండి, 2003లో చేవెళ్ళ నుంచి ఇచ్ఛాపురం దాకా నడిచి, మరుసటేడు ముఖ్యమంత్రి అయ్యారు.

తేడా లేదనడం తప్పు. ప్రపంచబ్యాంకు సంస్కరణల బాటలో 2000లో కరెంటు ఛార్జీలు పెంచి, అడిగిన జనం మీద ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిపించింది చంద్రబాబు ప్రభుత్వం. ముగ్గురు బలయ్యారు. 2004 మే 14న వ్యవసాయానికి ఉచిత కరెంటు ఫైలు మీద తొలి సంతకం చేసింది రాజశేఖరరెడ్డి. మెట్ట రైతుకు అది ఊపిరే. కానీ పాతాళానికి పోయిన నీళ్ళను ఉచిత కరెంటు ఎక్కడినుంచి తోడుతుంది? అసలు బోరూ భూమీ లేనోడికి ఆ సంతకంతో ఏం ఒరిగింది?

కూలీకి ఆసరా అయింది ఉపాధి హామీ. 2007లో అప్పటి ప్రకాశం జిల్లాకు వచ్చింది. ఆసామి ఎంతిస్తే అంతకే పోవాల్సిన అగత్యం కొంత తగ్గింది. అయితే ఆ చట్టం 2005లో ఢిల్లీలో, వామపక్షాల మద్దతుతో నిలిచిన ప్రభుత్వం చేసింది. వైఎస్ హయాంలో అది అమలైంది. ఆ ఖ్యాతి ఒక్కరి ఖాతాలో రాయలేం.

ఇక భూమి. కోనేరు రంగారావు కమిటీ వేసింది వైఎస్ ప్రభుత్వమే. భూమి అడిగినవాళ్ళ మీద 2007 జులై 28న ముదిగొండలో కాల్పులు జరిపిందీ ఆ ప్రభుత్వ పోలీసులే. ఏడుగురు చనిపోయారు. కరెంటు అడిగితే ఒకరి కాలంలో, భూమి అడిగితే ఇంకొకరి కాలంలో తూటాలే జవాబు. 2004లో కాంగ్రెసుతో, 2009లో తెలుగుదేశంతో వామపక్షాలు సర్దుబాటు చేసుకున్న మాటా దాచనక్కరలేదు.

మన ప్రాంతంలో ఇద్దరి వారసత్వమూ ఒకేచోట కనబడేది వెలిగొండ దగ్గర. కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య పేరు పెట్టిన ప్రాజెక్టు అది. 1996లో చంద్రబాబు శంకుస్థాపన చేశారు. రాయి రాయిగానే ఉండిపోయింది. జలయజ్ఞంలో సొరంగాల పని కదిలించింది వైఎస్. ఒక్కోటి 18 కిలోమీటర్ల పైచిలుకు. కాంట్రాక్టర్లకు బిల్లులు ముట్టాయి, కొండ మాత్రం నత్తనడకన తెగింది. మొదటి సొరంగం 2021లో, రెండోది 2024 జనవరిలో పూర్తయ్యాయి. ఆ మార్చి 6న వైఎస్ కొడుకు జగన్ ప్రాజెక్టును జాతికి అంకితం చేశారు. ఆనాటికి ముంపు గ్రామాల పునరావాసమే ముగియలేదు. మూడు నెలలకు చంద్రబాబు మళ్ళీ ముఖ్యమంత్రి.

ఆయకట్టు 4.47 లక్షల ఎకరాలంటున్నారు. అందులో బేళ్ళు మోసే కూలీ పేరున పట్టా ఉన్నవి ఎన్ని? టీకొట్టు దగ్గర ఈసారి వాదన లేస్తే, ఆ ఇద్దర్నీ అడగాల్సింది అదే.