చిన్నరైలు దారి వెంట కాలిబాట వలదా?

నందికొండ పాదమున నున్న నంది హాల్ట్ మొదలగు పాతకాలపు రైలు స్టేషన్లను బాగుచేయు పనికి ఇంటాక్ సంస్థ బెంగళూరు శాఖవారు నైరుతి రైల్వేవారితో కలిసి పూనుకొనిరి. దొడ్డజాల, దేవనహళ్ళి, ఆవతిహళ్ళి స్టేషన్లు గూడ ఆ వరుసలోనివే. నూరేండ్ల నాటి గోడలు కూలిపోక నిలుచుట చూచి సంతోషింపనివారుండరు. మేమును సంతోషించితిమి. కాని ఒక్క ప్రశ్న మమ్ము విడువకున్నది. కట్టడమునకు మర్యాద జరుగుచున్నది. ఆ రైలు కొరకు కాలినడకను, సైకిలుమీదను వచ్చెడి మనిషికి మర్యాద ఎక్కడ?

ఈ రైలుమార్గముతో మన తెలుగువారికి గల సంబంధము చిన్నది కాదు. ముద్దేనహళ్ళిలో తెలుగు కుటుంబమున జన్మించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు 1912 మొదలు 1918 వరకు మైసూరు సంస్థానమునకు దివానుగా నుండిరి. నేడు బంగారపేట యనబడు బౌరింగ్‌పేట నుండి 1913లో కోలారుకు వచ్చిన చిన్నరైలు, ఆ దశకములోనే శ్రీనివాసపురము, చింతామణి, శిడ్లఘట్టల మీదుగా చిక్కబళ్ళాపురము చేరెను. బెంగళూరు వైపునుండి మరియొక చిన్నరైలు దేవనహళ్ళి మీదుగా వచ్చి దానిని కలిసికొనెను. పట్టాల నడుమ వెడల్పు రెండున్నర అడుగులు మాత్రమే. అయినను మూడు నాలుగు తరముల రైతులను, పట్టువారిని, బడిపిల్లలను మోసినది ఆ రైలే.

మా బట్లహళ్ళికి రైలు లేదు. చింతామణికి పోయి ఎక్కవలెను. మా చిన్నతనమున, అనగా 1970 తరువాతి యేండ్లలో, మా నాయనగారు మమ్ము సైకిలు ముందుకడ్డీమీద కూర్చుండబెట్టుకొని స్టేషనుకు తీసికొనిపోవుచుండిరి. పట్టాల ప్రక్కన కాలిబాట యుండెడిది. దానిని ఎవరును వేయలేదు. నడిచినవారి పాదములే వేసినవి. తలమీద మూటలతో ఆడవారు, గొఱ్ఱెలతో కాపరులు ఆ బాటనే పోవుచుండిరి. రైలు వేగము తక్కువ, మనుషుల భయమును తక్కువ.

2013లో చిక్కబళ్ళాపురము–కోలారు మార్గము బ్రాడ్‌గేజిగా మారి తిరిగి తెరువబడెను. ఇది గొప్ప మేలు, కాదనుట కృతఘ్నత. కాని వేగముగల రైలు వచ్చినచోట పాత కాలిబాట నిలువదు. దేశమందంతట బ్రాడ్‌గేజి మార్గములలో కాపలాలేని గేట్లను 2019 జనవరి నాటికి తొలగించిరి. ప్రాణములు కాపాడెడి పనియే అది. అయితే గేటు పోయినచోట పట్టాల క్రిందుగా త్రవ్విన దారిలో వానకాలమున మోకాటిలోతు నీరు నిలిచినచో, ముసలివాడు ఎటుపోవలెను? రోడ్డు పట్టవలెను. ఆ రోడ్డున లారీలు, బస్సులు. మా తోటివాడొకడు తెల్లవారుజామున సైకిలుపై చింతామణికి పోవుచు లారీ తగిలి కాలు పోగొట్టుకొనెను. అతడు తిన్నగా పోవుటకు వేఱు దారి లేకుండుటయే అతని తప్పు.

ఈ మాట యెత్తినప్పుడెల్ల మూడు ఆక్షేపణలు వినవచ్చుచున్నవి.

మొదటిది, చట్టము ఒప్పదని. 1989 నాటి రైల్వే చట్టము 147వ సెక్షను ప్రకారము అనుమతిలేక రైల్వే స్థలమున ప్రవేశించినవానికి ఆరు నెలలవరకు ఖైదు గాని, వెయ్యి రూపాయలవరకు జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చును. నిజమే. మేము పట్టాలమీద నడువనిమ్మని కోరుటలేదు. కంచెకు ఈవల, పట్టాలకు దూరముగా, ప్రత్యేకమైన బాట కోరుచున్నాము. ఇక దాటుదారుల మాట. అదే చట్టము 16వ సెక్షను ప్రక్కభూములవారి సౌకర్యమునకై దాటుదారులు, వంతెనలు కట్టుట రైల్వేవారి విధి యని చెప్పుచు, మార్గము తెరచిన పదియేండ్ల తరువాత ఆ నిర్బంధము లేదనియు చెప్పుచున్నది. మన మార్గమునకు నూరేండ్లు నిండినవి. అందుచే 17వ సెక్షను చూడవలెను. రాష్ట్రప్రభుత్వము గాని, స్థానిక సంస్థ గాని పట్టాల మీదుగనో క్రిందుగనో దారి కావలెనన్నచో, తన ఖర్చుమీద, రైల్వేవారి సమ్మతితో చేయించుకొనవచ్చును. కనుక దాటుదారులు కావలెనన్నను చట్టము అడ్డము కాదు; అడిగెడి పంచాయతీ లేకుండుటయే అడ్డము.

రెండవది, ఇది విదేశపు విలాసమని. ఇంగ్లండులో బ్రిస్టలు, బాతు నగరముల నడుమ మూతపడిన రైలుమార్గముమీద 1979–1986 నడుమ పదుమూడు మైళ్ళ బాట వేసిరి. బిట్టన్ అను ఊరిచెంత పాత ఆవిరిరైలును ఉత్సాహవంతులు తిరిగి నడుపుచున్నారు. బాట దాని ప్రక్కనే పోవుచున్నది. నడచువారును, సైకిలువారును ఆ స్టేషనులో ఆగి తేనీరు త్రాగుదురు. ఆ డబ్బు రైలుకే చేరును. వేల్సు దేశమున కార్నార్వన్‌లో ముందు సైకిలుబాట యుండగా, 1997లో చిన్నరైలు తిరిగివచ్చి దాని ప్రక్కన చోటు చేసికొనెను. అమెరికాలో కంబర్లాండు, ఫ్రాస్ట్‌బర్గు పట్టణముల నడుమ విహారపు రైలును, బాటయు ఒక సొరంగములోగూడ ప్రక్కప్రక్కనే దూరిపోవును. అంతదూర మెందుకు? హైదరాబాదు వెలుపలి వలయరోడ్డు ప్రక్కన సౌరఫలకముల నీడలో ఇరువదిమూడు కిలోమీటర్ల సైకిలుబాటను 2023లో తెరచిరి. కార్లరోడ్డు ప్రక్కన సాధ్యమైనది రైలుప్రక్కన అసాధ్యమా?

మూడవది, ఎవరు నడుతురని. ఆదివారము వేకువను బెంగళూరు నుండి నందికొండకు సైకిళ్ళపై వచ్చు యువకులను జాతీయరహదారిమీద ఎవరైనను చూడవచ్చును. వారిని లారీల ప్రక్కనుండి తప్పించుట పుణ్యమే. కాని మా వాదము వారికొఱకు మాత్రమే కాదు. శిడ్లఘట్ట సంతకు పట్టుగూళ్ళు తెచ్చువాడు, చింతామణి కాలేజికి పోవు బాలిక, తెలుగునను కన్నడమునను తత్త్వములు చెప్పిన కైవార తాతయ్యగారి సన్నిధికి చింతామణిలో దిగి పోవు భక్తులు, వీరందరును నడచువారే. విహారమునకు వచ్చువానికి బాట వేడుక. వీరికి అది బ్రతుకు.

దేవనహళ్ళివరకు ఉపనగర రైలు వేయు పథకమునకు 2020లో కేంద్రప్రభుత్వ ఆమోదము లభించెను. కొత్త పట్టాలు పడినపిదప బాటకు చోటు వెదకుట కల్ల. గీత గీయవలసినది నేడే.

మేమొక కార్యాలయమునకు ఈ విషయమై అర్జీ పంపితిమి. ఎనిమిది నెలలకు ఒంటివరుస జవాబు వచ్చినది: ప్రస్తుతము అట్టి ప్రతిపాదన లేదని. ముప్పదియేండ్లు గుమాస్తాపని చేసి అట్టి జవాబులు మేమే టైపు చేసినవారము గనుక దాని యర్థము మాకు తెలియును. అడిగినవాడు ఒక్కడే, ఫైలు మూయవచ్చును. నూరుమంది అడిగినచో ఫైలు పైఅధికారి బల్లమీదికి పోవును.

కనుక ఈ ప్రాంతమున తరతరములుగా నివసించు తెలుగు కుటుంబములవారికి మా విన్నపము. ఇంట మనది తెలుగు, కచేరీలో కన్నడము. అర్జీ చక్కని కన్నడమున వ్రాసి, కన్నడ సోదరుల సంతకములతో కలిపి, గ్రామపంచాయతీ తీర్మానముతో పంపుదము. కోరవలసినవి మూడే: బాగుచేసిన ప్రతి స్టేషనుకు సమీపగ్రామమునుండి కంచె వెలుపల బాట, స్టేషనులో సైకిలు నిలుపుటకు నీడగల చోటు, పట్టాల క్రింది దారులలో నీరు నిలువకుండ కాలువ. ఇందులో ఆకాశమునకు నిచ్చెన వేయునది యొక్కటియు లేదు.

పాత గోడకు సున్నము వేసి దానిని వారసత్వ మనుచున్నాము. మంచిదే. ఆ గోడ నీడకు మూటదించి కూర్చున్నవారు నడచివచ్చిన దారియు వారసత్వమే. దానిని చెఱిపి గోడను మాత్రము నిలిపినచో, మన మనుమలు ఆ స్టేషనును కారు అద్దములోనుండి చూచి పోవుదురు. అంతకంటె దానిని కూలనిచ్చుటయే మేలు.