సదరం గదిలో ఒక తోడు కావాలి

మానసిక జబ్బు ఉన్నవారికి వికలాంగుల పింఛను రావాలంటే సదరం శిబిరంలో వైకల్యం కనీసం 40 శాతమని తేలాలి. అలా తేలితే ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 6,000, తెలంగాణలో 4,016 రూపాయల పింఛనుకు దారి ఏర్పడుతుంది. కాలు లేకపోతే కంటికి కనిపిస్తుంది. స్కిజోఫ్రెనియా తెచ్చిపెట్టే కష్టం ఎవరో ఒకరు విప్పి చెబితేనే తెలుస్తుంది. ఆ చెప్పుకునే శక్తినే జబ్బు దెబ్బతీస్తుంది. కాబట్టి శిబిరానికి స్లాటు తీసుకున్న రోజు నుంచి డాక్టరు ఎదుట కూర్చునేదాకా శిక్షణ పొందిన సహాయకుణ్ణి ప్రభుత్వమే ఇవ్వాలి.

అంచనాకు వాడే కొలమానం పేరు ఐడియాస్. తన పనులు తాను చేసుకోవడం, నలుగురితో మెలగడం, మాటలు అర్థం చేసుకోవడం, పనీపాటా అనే నాలుగింటిలో ఒక్కోదానికి 4 మార్కుల దాకా ఉంటాయి. జబ్బు ఎన్నాళ్లదన్న లెక్కకు ఇంకో 4. మొత్తం 20లో 7 వస్తేనే 40 శాతం. పదేళ్లు దాటిన జబ్బుకు 4 మార్కులు, రెండేళ్ల లోపు జబ్బుకు ఒక్కటే. పాత ఓపీ చీటీలు పోగొట్టుకున్న కుటుంబం ఈ ఒక్కచోటే ఓడిపోవచ్చు. మిగతా అంశాల్లో చిక్కు వేరు. ‘రోజూ స్నానం చేస్తున్నావా?’ అని అడిగితే ‘చేస్తున్నానండీ’ అంటాడు మనిషి. తల్లి పదిసార్లు బతిమాలి, నీళ్లు తోడి, సబ్బు చేతిలో పెడితే గానీ కదలడన్న సంగతి ఆ జవాబులో ఉండదు. తనకు జబ్బే లేదనుకోవడమూ ఈ జబ్బు లక్షణాల్లో ఒకటి. పక్కనున్న తల్లి కూడా అందరి ముందూ కొడుకు పరువు తీయలేక ‘ఇప్పుడు పర్లేదయ్యా’ అనేస్తుంది.

సహాయకులను పెడితే లేని రోగం నేర్పించి పంపుతారన్న అభ్యంతరం వస్తుంది. పింఛను ప్రజల సొమ్ము గనుక ఆ భయం న్యాయమైనదే. అయితే మార్కులు వేసేది డాక్టరే. సహాయకుడు చీటీలు వరసగా పేర్చి, ఇంట్లోవాళ్లను అడిగి కొన్ని వారాల దినచర్య రాసిపెడతాడు. తేదీలతో రాసిన కాగితాన్ని సరిచూడవచ్చు, నోటిమాటను సరిచూడటం కష్టం. అధికారిక సాయం లేనిచోట కుటుంబాలు దళారుల చేతిలో పడే ప్రమాదమే ఎక్కువ.

ఇంతమందిని ఎక్కడ తెస్తారన్నది మరో ప్రశ్న. 1987 నాటి న్యాయసేవల చట్టం మానసిక రోగులకు ఉచిత న్యాయసాయం హక్కును ఇచ్చింది. ఆ చట్టం కింద పనిచేసే న్యాయసేవల సంస్థల పారాలీగల్ వలంటీర్లు జిల్లాల్లో ఉన్నారు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం వాళ్లకు ఈ కొలమానం నేర్పవచ్చు. స్లాటు ఖరారైన కబురుతో పాటే సహాయకుడి ఫోన్ నంబరు ఇంటికి చేరాలి. 40 శాతం రాకపోతే ఏ అంశంలో ఎన్ని మార్కులు పడ్డాయో తెలుగులో రాసివ్వాలి. అప్పుడే అప్పీలు చేసుకునే హక్కుకు అర్థం ఉంటుంది.