గాలికి తగిన గుడ్డ

మన వర్లిలో గుడ్డ సంగతి తెలియని పెద్దలు తక్కువ. తాతలూ తండ్రులూ మిల్లులలో మగ్గాల దగ్గర నిలబడినవారే. అయితే ఈ నెల మేము వ్రాయబోయేది ధోవతి గురించీ కాదు, చీర గురించీ కాదు. పడవకు కట్టే తెరచాప గురించి. నవ్వకండి. ఇందులో మేము చేసిన తప్పొకటి ఉన్నది. చెప్పుకొనక తప్పదు.

మా పాత చాళ్ళో పక్క గదిలో పెరిగిన కుర్రవాడొకడు మమ్మల్ని 'కాకా' అని పిలుస్తాడు. ముగ్గురు స్నేహితులతో కలిసి 25 అడుగుల పాత తెరచాప పడవ కొన్నాడు. లోపల పడుకొనేందుకు బల్లలు, ఒక చిన్న స్టవ్వు. సెలవు రోజున షికారు పోయే రకం. క్రిందటి మార్చిలో ఒక ఆదివారం మమ్మల్నీ ఎక్కించుకొని మాండ్వాకు బయలుదేరినాడు.

పొద్దున నేల మీదినుంచి మెల్లని గాలి వస్తున్నది. వాడు ముందు తెరచాపను సగమే విప్పినాడు. "గుడ్డ ఉండగా దాచటమెందుకురా? అంతా విప్పు" అన్నాము. విప్పినాడు. పడవ హాయిగా సాగింది. మా తెలివికి మేమే మురిసినాము.

తిరుగు ప్రయాణం మూడు గంటలకు. అప్పటికి వాయవ్యపు గాలి లేచింది. బొంబాయి రేవులో వేసవి మధ్యాహ్నాలు ఇది మామూలే. మాండ్వానుంచి ఇంటికి రావాలంటే ఆ గాలికి ఎదురుగానే రావాలి. పడవ ఒక పక్కకు ఒరిగి నీళ్ళు అంచు దాకా వచ్చినవి. చుక్కాని పట్టిన పిల్లవాడు కాళ్ళు తన్ని లాగుతున్నా, పడవ గాలివైపుకే మొగం తిప్పుతున్నది. తెరచాపను చుట్టే తాడు ఎక్కడో ఇరుక్కున్నది. దాన్ని విడిపించటానికి మనవాడు ముందుకు ప్రాకినాడు. కాలు జారింది. అంచున ఉన్న ఉక్కు తీగ చేతికి దొరికింది గనుక సరిపోయింది. ఆ క్షణాన మా నోట మాట రాలేదు.

తరువాత వాడు పాత తెరచాప మార్చదలచినాడు. కుట్టేవారు అడిగినారట: "110 కావాలా, 135 కావాలా, 150 కావాలా?" ఆ కాగితం పట్టుకొని మా ఇంటికి వచ్చినాడు. లెక్కలు వ్రాసే ఉద్యోగం మాది గనుక ఇద్దరం కూర్చుని లెక్క తేల్చినాము.

ఈ అంకెలు నూటికి ఇంత అనే లెక్క. తెరకొయ్య మొదలునుంచి, ముందు తీగ పడవ ముక్కుకు బిగించిన చోటి వరకు కొలవాలి. అది 10 అడుగులనుకోండి. తెరచాప వెనుక మూలనుంచి ముందు అంచుకు అడ్డంగా, నిలువు గీత వేసినట్లు కొలిస్తే 10 అడుగులే వస్తే అది 100. 15 వస్తే 150. నూరు దాటి, కొయ్య వెనుకకు పోయే తెరచాపను జెనోవా అంటారు. ఇటలీలోని రేవుపట్నం పేరే దానికి వచ్చింది. ఒక సంగతి గమనించాలి. ఒక పడవ మీద 150 అయినది, మరింత పొడవు ముక్కు ఉన్న పడవ మీద 120 మాత్రమే కావచ్చు. పాత తెరచాప కొనేవారు దాని మీద వ్రాసిన అంకెను నమ్మక, టేపు పట్టుకొని కొలవాలి.

ఇక గాలి లెక్క. గాలి వేగం రెట్టింపయితే తోపు నాలుగింతలవుతుంది. గంటకు 10 నాటికల్ మైళ్ళ గాలి, అంటే 18½ కిలోమీటర్లు, అందులో ముద్దుగా నడిపిన గుడ్డే 20 మైళ్ళ గాలిలో నాలుగింతల బలంతో పడవను పడదోస్తుంది.

"పెద్దది కొని, గాలి హెచ్చితే చుట్టుకొంటే పోదా?" అని మేమూ అడిగినాము. కొంతవరకే పోతుంది. పెద్ద తెరచాపను పలుచని గుడ్డతో కుడతారు. మూడోవంతు చుట్టేసరికి దాని రూపు చెడుతుంది. గుడ్డ సాగి సంచివలె ఉబ్బుతుంది. ఎదురుగాలిలో అది ముందుకు లాగటం తగ్గి, పక్కకు ఒరగదోయటం హెచ్చుతుంది. పైగా పెద్ద గుడ్డ అడ్డుపడి అవతలి పక్క లాంచీలు కనపడవు. మన రేవులో అది చిన్న ప్రమాదం కాదు.

కనుక మేము తేల్చినది ఇది: అక్టోబరునుంచి మే వరకు తిరిగే ఇటువంటి పడవకు 130 ప్రాంతం చాలు. చుట్టినా రూపు నిలిచేటందుకు ముందు అంచున మెత్త కుట్టించాలి. క్రింది అంచు కొంచెం ఎత్తుగా కోయించాలి. దీనికి తోడు గట్టి గుడ్డతో 100 లోపు చిన్నది ఒకటి సంచిలో ఉండాలి. పొద్దుటి మెల్లగాలిలో వేగం కొంత తగ్గుతుంది. తగ్గనీ.

2017 సెప్టెంబరులో గోవానుంచి 'తారిణి' అనే పడవ మీద ఆరుగురు నౌకాదళపు ఆడపిల్లలు భూమిని చుట్టి, 2018 మేలో తిరిగి వచ్చినారు. వారిలో స్వాతి విశాఖపట్నం పిల్ల, ఐశ్వర్య బొడ్డపాటి హైదరాబాదు పిల్ల. ఆ పడవలో పెద్ద జెనోవాతోపాటు దాని వెనుక చిన్న ముందు తెరచాప, తుపాను తెరచాప కూడా ఉన్నవి. పెద్దదొక్కటే చాలుననుకొని వారు బయలుదేరలేదు.

మనవాడు 130కి చెప్పి వచ్చినాడు. పాత 150 ఎవరికీ అమ్మలేదు. "ఇంకొకరి చేత అంతా విప్పించే కాకా ఉంటాడేమో" అన్నాడు. తల వంచుకొన్నాము.

వాడి తల్లికి ఆనాటి సంగతి ఇద్దరం చెప్పలేదు. ఆమె ఈ పత్రిక మొదటినుంచి చివరిదాకా చదువుతుంది. వదినా, తప్పు పిల్లవాడిది కాదు, మాది. వాణ్ణి పడవ మానమనవద్దు. ఈసారి గుడ్డ సరిగా కొలిచే కుట్టించినాము.