కరివేపాకుపై కాపలా

ఢిల్లీలో తెలుగువాళ్ల ఇల్లు కనిపెట్టడం పెద్ద కష్టం కాదు. మయూర్ విహార్ అయినా, ద్వారక అయినా, నోయిడా అయినా బాల్కనీలో తులసి పక్కన ఓ కరివేపాకు మొక్క ఉంటుంది. చలికి మోడువారిన ఆ మొక్క ఫిబ్రవరి దాటాక ఎప్పుడు చిగురిస్తుందా అని ఇల్లంతా ఎదురుచూస్తుంది. ఎదురుచూసేది ఇంటివాళ్లు మాత్రమే కాదు. నల్లటి రెక్కల మీద లేత పసుపు మచ్చలున్న లైమ్ బటర్‌ఫ్లై అనే సీతాకోకచిలుక కూడా. నిమ్మ, మారేడు, కరివేపాకు లేత ఆకుల మీద అది ఒక్కొక్కటిగా గుడ్లు పెట్టి పోతుంది. కొద్ది రోజులు గడిస్తే పోపులోకి ఆకు కరువు.

అక్కడితో ఇంట్లో రెండు పక్షాలు తయారవుతాయి. మందు కొట్టమనేవారు ఒకవైపు, పాపం బతకనిమ్మనేవారు మరోవైపు. రెండో పక్షంలో సాధారణంగా పిల్లలుంటారు. వాళ్లు గెలిచినా ఆ సంబరం ఎక్కువ కాలం నిలవదు. ఓ రోజు పొద్దున్నే చూస్తే కొమ్మ మీద పురుగులుండవు. పక్క కుండీలో గూడు కట్టిన బుల్‌బుల్ పిల్లల కడుపు మాత్రం నిండి ఉంటుంది.

గొంగళిపురుగుకు శత్రువులు తక్కువేమీ కాదు. పిట్టలు, తొండలు, సాలీళ్లు, చీమలు, కందిరీగలు అన్నీ దాని కోసం కాచుకునేవే. దాని ఏర్పాట్లు దానికీ ఉన్నాయి. చిన్నతనంలో అచ్చం పిట్టరెట్టలా కనిపిస్తుంది. ఎదిగాక ఆకులో ఆకులా పచ్చబడుతుంది. ఎవరైనా తాకితే తల వెనక నుంచి పంగల కొమ్ములాంటి అవయవాన్ని బయటకు చాపి ఘాటైన వాసన వదులుతుంది. చీమ వెనక్కి తగ్గుతుందేమో గానీ ఆకలిగొన్న పిట్ట అంతగా పట్టించుకోదు. జిల్లేడు మీద పెరిగే ప్లెయిన్ టైగర్ దారి వేరు. తిన్న ఆకులోని విషాన్నే ఒంట్లో దాచుకుని, నలుపు, తెలుపు, పసుపు చారలతో దాన్ని చాటుకుంటుంది. చాలా పిట్టలు దాని జోలికి పోవు.

కరివేపాకు పురుగును కాపాడాలనుకుంటే ఖర్చు లేని ఉపాయం ఉంది. పురుగున్న కొమ్మకు పలచటి గుడ్డ సంచి తొడిగి, మొదట్లో వదులు లేకుండా కట్టాలి. దోమతెర పిట్టను ఆపుతుంది గానీ, చీమంత కూడా లేని పరాన్నజీవి కందిరీగను ఆపదు. అది మెత్తటి ప్యూపాలో గుడ్లు పెట్టిందంటే అందులోంచి సీతాకోకచిలుకకు బదులు పదులకొద్దీ చిన్న కందిరీగలు బయటికొస్తాయి. అందుకే పాత మల్మల్ గుడ్డ మేలు. కట్టే ముందు లోపల సాలీడు, చీమలు లేవని చూసుకోవాలి. లేకపోతే దొంగను ఇంట్లో పెట్టి తాళం వేసినట్టే. ఆకు అయిపోతే మరో కొమ్మకు మార్చాలి. సీతాకోకచిలుక బయటికొచ్చాక రెక్కలు పూర్తిగా విచ్చి ఆరేదాకా దాన్ని ముట్టుకోకూడదు.

సీసాలో పెంచేవారు చేసే పొరపాటు ఒకటుంది. పెరట్లో ఆకు చాలక బజారు నుంచి కట్ట తెచ్చి వేస్తారు. భారత్ నుంచి వెళ్లే కరివేపాకును పురుగుమందుల అవశేషాల కోసం యూరోపియన్ యూనియన్ ఏళ్ల తరబడి ప్రత్యేకంగా తనిఖీ చేసింది. అలాంటి ఆకు పురుగుకు విషం కావచ్చు. నర్సరీ నుంచి కొత్తగా తెచ్చిన మొక్కకూ ఇదే జాగ్రత్త అవసరం. వేరు నుంచి ఆకు దాకా పాకే మందులు వారాల తరబడి మొక్కలోనే ఉంటాయి. వేపనూనె సహజమే అయినా గొంగళిపురుగుకు అదీ ప్రమాదమే.

అసలు సంగతి ఇక్కడే ఉంది. పిట్ట లెక్కగా తింటుంది, మందుకు లెక్క లేదు. వానలు తగ్గాక ఢిల్లీలో సీతాకోకచిలుకలు కళకళలాడే సెప్టెంబర్, అక్టోబర్ నెలలే డెంగీ కాలం కూడా. కాలనీల్లో వదిలే పొగకు దోమకూ సీతాకోకచిలుకకూ తేడా తెలియదు. కూలర్‌లో, కుండీ కింద పళ్లెంలో నిలిచిన నీళ్లు వారానికోసారి పారబోస్తే దోమ లార్వా అక్కడే చస్తుంది, కరివేపాకు మీది పురుగుకు ఏమీ కాదు.

పిట్టను మాత్రం శత్రువుగా చూడాల్సిన పనిలేదు. సీతాకోకచిలుక పెట్టే పదులకొద్దీ గుడ్లలో రెండు పెరిగి పెద్దవై జతకడితే ఆ జాతి నిలిచినట్టే. మిగిలినవన్నీ మరొకరి భోజనం. అమెరికాలో కరోలినా చికడీ అనే చిట్టి పిట్టల జంట ఒక్క ఈత పిల్లల్ని పెంచడానికి 6,000 నుంచి 9,000 గొంగళిపురుగులు కావాలని డెలావేర్ విశ్వవిద్యాలయ కీటక శాస్త్రవేత్త డగ్లస్ టాలమీ లెక్క చెప్పారు. పురుగు లేని తోటలో పిట్ట పిల్లలూ బతకవు.

కాబట్టి సంచి ఒక కొమ్మకు చాలు, అది పిల్లల ముచ్చట కోసం. జాతిని నిలిపేది సంచి కాదు, మొక్కలు. వసంత్ విహార్ పక్కన ఒకప్పుడు గనుల తవ్వకాలతో గుల్లయిన నేలను ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ, ఢిల్లీ విశ్వవిద్యాలయం కలిసి ఆరావళీ జీవవైవిధ్య పార్కుగా మార్చాయి. అక్కడ సీతాకోకచిలుకలను రప్పించింది వలలు కాదు, వాటికి కావలసిన మొక్కలే. బాల్కనీకీ అదే సూత్రం. ఒక కరివేపాకు కుండీ ఉన్నచోట రెండు పెడితే ఒకటి పోపుకు, మరొకటి పురుగుకు. గొంగళిపురుగును కూరలో కరివేపాకులా తీసిపారేయకపోతే, వచ్చే ఫిబ్రవరిలో చిగురు కోసం ఎదురుచూసేవాళ్లు ఇంటివాళ్లొక్కరే కారు.